ముక్కు మూగబోయిన రోజుల్లో వండిన మసాలా అన్నం

రండి, అలా గుమ్మంలో నిలబడకండి, చాప మీదికి జరిగి దగ్గరగా కూర్చోండి. చేతిలో ఫోను ఉంటే బోర్లా పెట్టెయ్యండి. నేను చెప్పబోయే దాంట్లో ఒక గిన్నెడు అన్నం వల్ల ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు రెండోసారి విడిపోబోయారు. ఒక పెద్ద మేడలోని జనమంతా సోఫాల కిందా మంచాల కిందా పాకారు. ఒక ఆడమనిషి సూట్‌కేసు దాదాపు గేటు దాటింది. ఆ అన్నం వండింది నేనే, ఆ సూట్‌కేసూ నాదే. ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వుకంటే ముందు దడే వస్తుంది.

కరోనా రెండోసారి ఊళ్ళ మీద పడిన ఏడాది అది. రాజోలు దగ్గర మా ఊళ్ళో నాకూ వచ్చింది, పోయింది. పోతూ పోతూ నా ముక్కును పట్టుకుపోయింది. అంటే ముక్కు ఉండాల్సిన చోటే ఉంది, పుడకతో సహా. వాసన మాత్రం లేదు. ఎండుచేపల బుట్టలో తల పెట్టినా, కొత్త సబ్బు పెట్టెలో తల పెట్టినా నాకు ఒకటే.

సరిగ్గా అప్పుడే దుబాయ్ పిలుపు వచ్చింది. మా ఊళ్ళో అబుదాబీ అయినా షార్జా అయినా అందరికీ దుబాయే. ఏజెన్సీ వాళ్ళు ఫోనులో వీడియో పెట్టి అడిగారు.

"వంట వచ్చా?"

"ఆయ్, వచ్చండి."

"ఇస్త్రీ?"

"ఆయ్, అదీ వచ్చండి."

ముక్కు పనిచేస్తుందా అని ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పకపోతే అబద్ధం కాదని నాకు నేనే తీర్పు చెప్పుకుని విమానం ఎక్కేశాను. ఏం చేయను మరి? మా అమ్మాయి అప్పుడే కాకినాడలో నర్సింగులో చేరింది. నేను ఇంటికి తిరిగొస్తే, నా వెనకాలే అదీ పుస్తకాలు సర్దుకుని వచ్చేస్తుంది.

నన్ను దింపిన ఇల్లు అబుదాబీ పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో పెద్ద మేడ. ఇంట్లో మేడమ్, ఆవిడ అత్తగారు, పిల్లలు. అత్తగారిని పనివాళ్ళందరూ 'మామా' అనాలట. మామా అంటే మీసాలుండాలని అలవాటైపోయిన నా నోటికి ఆ పిలుపు కుదరడానికే వారం పట్టింది. మేడమ్ భర్త ఉద్యోగం వేరే ఎమిరేట్‌లో, వారానికోసారి వచ్చేవారు. కారు నడిపేది మల్లేశం, జగిత్యాల అబ్బాయి. ఆ ఇంట్లో తెలుగు మాట వినిపించేది ఆ తమ్ముడి నోటి నుంచే. మిగతా వాళ్ళతో హిందీ సగం, అరబ్బీ సగం, చేతులు తిప్పడం సగం. మూడు సగాలు ఎలా కుదురుతాయని అడగకండి, గల్ఫ్‌లో కుదురుతాయి. ఆ మాటల్ని మీకోసం నేను తెలుగులోనే చెబుతాను.

వచ్చిన రోజే మల్లేశం భయపెట్టాడు. "అక్కా, మొదట్ల పరీక్ష ఉంటది. నచ్చకపోతె మళ్ళ ఆఫీస్‌ల దింపి వస్తరు. నీకంటె ముందొచ్చినామె పదకొండు రోజులకే ఖలాస్."

"ఏం చేసిందేంటి?"

"మేడమ్ అబాయా మీద ఇస్త్రీపెట్టె మర్సిపోయింది. నేనే దింపి వచ్చిన ఆమెను. దారి పొడుగూత ఏడ్సింది."

అంతే, నోరు కుట్టేసుకున్నాను. వాసన తెలియని మనిషికి వంటిల్లు అప్పగిస్తారా ఎవరైనా? కళ్ళతో, చెవులతో వండేదాన్ని. ఉల్లిపాయ ఎర్రబడితే కన్ను చెప్పేది, ఆవాలు చిటపటలాడితే చెవి చెప్పేది, ఉప్పు నాలుక చెప్పేది. కొలతలు మా అమ్మ చేతిలోంచి నా చేతిలోకి దిగినవే కాబట్టి తప్పేవి కావు. పద్దెనిమిది రోజులు అలా గడిపేశాను. పందొమ్మిదో రోజు వచ్చింది చూశారూ, దాని గురించే మీకు చాప వేసింది.

ఆ రోజు మామా వాళ్ళ అక్కగారు అల్ ఐన్ నుంచి వస్తున్నారు. మామూలు రాక కాదు, ఐదేళ్ళ తర్వాత రాక. పొద్దున్నే మేడమ్ నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పారు.

"మరియం, విను." నా పేరు మరియమ్మ. వాళ్ళ నోట్లో చివరి అక్షరాలు అరిగిపోయాయి. "మా ఇళ్ళలో ఊద్ పొగ, అదే మీ సాంబ్రాణి ధూపం లాంటిది, వేసేది ఆఖర్న. భోజనం అయ్యాక, కహ్వా కాఫీ తాగాక. పొగ పట్టారంటే, ఇక బయల్దేరవచ్చని మర్యాదగా చెప్పినట్టు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

"ఐదేళ్ళ కిందట అక్కగారు అతిథులు కూర్చునే ఇదే మజ్లిస్‌లో కూర్చుని ఉంటే, ఆవిడ కప్పులోకి కహ్వా రాకముందే అప్పటి పనిమనిషి పొగ పట్టుకొచ్చింది. నన్ను పొమ్మంటున్నారా అని లేచి వెళ్ళిపోయారు. ఇదిగో, మళ్ళీ ఇవాళే. మామా ఐదేళ్ళు ఏడ్చారు మరియం. ఇవాళ నేను కన్నుతో సైగ చేసేదాకా ఊద్ వాసన రాకూడదు. వచ్చిందా..."

"నా సూట్‌కేసు ఖలాస్!" అన్నాను నేనే. ఎంత తెలివో చూడండి.

ఎలాంటి జాగ్రత్త తీసుకున్నానంటే, దొంగల భయం ఉన్న వాళ్ళు బంగారాన్ని కూడా అలా దాచి ఉండరు. రోజూ పొగ వేసే గిన్నె, బొగ్గుల సంచి, నల్లగా ఉండలుగా ఉండే ఊద్ డబ్బా, మూడింటినీ తీసుకెళ్ళి బట్టలుతికే గదిలో వాషింగ్ మెషీన్‌లో పెట్టి మూత మూసేశాను. అగ్గిపెట్టెను రొంట్లో దోపుకున్నాను. ఇంక ఊద్ ఎటునుంచి వస్తుందో రానీ అనుకున్నాను.

అక్కగారు వచ్చారు. సన్నగా, కర్రలా నిటారుగా ఉన్నారు. చేతిలో కూడా కర్రే. అక్కచెల్లెళ్ళిద్దరూ ముక్కూ ముక్కూ తాకించుకుని పలకరించుకున్నారు. మామా కళ్ళలో నీళ్ళు. నాకు కూడా ఆగలేదు. అంతా బంగారంలా నడుస్తుండగా మేడమ్ ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు.

"మరియం! మాంసం సిద్ధం. కానీ బయట చెప్పిన అన్నం రావడానికి ఇంకో గంటట! పక్కన వడ్డించడానికి త్వరగా అయిపోయే అన్నం ఏదైనా వచ్చా నీకు?"

"వచ్చా అంటారేంటి మేడమ్! మసాలా అన్నం. ఇరవై నిమిషాలు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో నేను గరిటె పడితే..."

"పెళ్ళి సంగతి తర్వాత. యల్లా, త్వరగా!"

బియ్యం కడిగి నానేశాను. గిన్నెలో నెయ్యి వేశాను. జీలకర్ర, లవంగాలు, యాలకులు, బిర్యానీ ఆకు వరసగా దిగాయి. దాల్చినచెక్క డబ్బా తీసి చూద్దును కదా, ఖాళీ! అడుగున పొడి తప్ప ఏమీ లేదు. చెక్క లేని మసాలా అన్నం అంటే తాళి లేని పెళ్ళి. గాబరాగా అటూ ఇటూ చూశాను. గట్టు చివర, చక్కని గాజు సీసాలో, కనబడ్డాయండీ చెక్కలు!

నిజానికి ఆ ఇంట్లో దాల్చినచెక్క అంటే సన్నగా చుట్టలు చుట్టిన నాజూకు సరుకు. ఇవేమో మోటుగా, ముదురు గోధుమ రంగులో, గొడ్డలితో కొట్టినట్టు పెచ్చులు పెచ్చులుగా ఉన్నాయి. అచ్చం రాజోలు సంతలో దొరికే చెక్కలాగే! సముద్రం ఇవతల మా ఊరి మనిషి ఎదురైనంత సంతోషం వేసింది. మూత తీసి వాసన చూశాను. ఏమీ రాలేదు. ఎలా వస్తుంది? నాకు అప్పటికి దేని వాసనా రావడం లేదు కదా. ఒక ముక్క పంటి కింద పెట్టి చూస్తే రాయిలా ఉంది. పాత చెక్క, ఘాటు తగ్గి ఉంటుంది, నాలుగు ఎక్కువే వేద్దాం అనుకున్నాను.

నాలుగు కాదు. గుప్పెడు వేశాను.

అప్పుడే మంచినీళ్ళ కోసం మల్లేశం గుమ్మంలోకి వచ్చాడు. "ఏమక్కా, గా సీసా ఎవలిది? మేడమ్‌ను అడిగినవా?"

"చెక్కను చూసి చెక్క అని పోల్చుకోలేనా తమ్ముడూ? నీకు స్టీరింగు ఎలాగో నాకు చెక్క అలాగ. ఎల్లెల్లు."

వెళ్ళాడు. చెక్కలు నేతిలో చిటచిటా వేగాయి. ఉల్లిపాయలు వేసి, నీళ్ళు పోసి, బియ్యం వేసి, మూత పెట్టాను. ఆ ఇంట్లో ఏసీ సంగతి మీకు చెప్పాలి. ఒక గది గాలిని ఇంకో గదికి పంచుతుంది. వంటింట్లో ఆవిరి లేస్తే మజ్లిస్ దాకా వెళ్ళి పలకరించి వస్తుంది.

ఐదు నిమిషాలకే మల్లేశం మళ్ళీ వచ్చాడు, కళ్ళు పెద్దవి చేసుకుని.

"అక్కా! గప్పుడే ఊద్ పెట్టిండ్రా?"

"ఎవరు పెడతారు? గిన్నె వాషింగ్ మెషీన్‌లో ఉంది. అగ్గిపెట్టె నా రొంట్లో ఉంది."

"మరి గేటు దాంక వాసనొస్తుంది గదా!"

"నీ ముక్కుకేదో జబ్బు చేసింది తమ్ముడూ, డాక్టరుకు చూపించుకో" అన్నాను. నేను! ఆ మాట అన్నది నేను! ఇప్పుడు తలుచుకుంటే నా నాలుకను నేనే వేలంలో పెట్టాలనిపిస్తుంది.

అంతలో మేడమ్ వచ్చారు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. "మరియం! ఊద్ ఎవరు వెలిగించారు?"

"ఎవరూ వెలిగించలేదు మేడమ్, ప్రభువు తోడు!"

"ఇల్లంతా వాసన! నీకు రావడం లేదా?"

ఇక్కడ చూడండి నా గతి. రావడం లేదంటే నా ముక్కు గుట్టు బయటపడుతుంది. వస్తోందంటే ఎక్కణ్నుంచో చెప్పాలి. "వస్తోంది మేడమ్! బ్రహ్మాండంగా వస్తోంది!" అన్నాను.

"ఎక్కణ్నుంచి?"

ముక్కు పైకెత్తి గాలిలో రెండు గీతలు గీసి, "అటునుంచి" అని మెట్ల వైపు చూపించాను.

అందరం మేడ మీదికి పరిగెత్తాం. నేను ముందు, పోలీసు కుక్కలా ముక్కు ఎగబీలుస్తూ. వెనక మేడమ్, ఆ వెనక ఇద్దరు పిల్లలు, వాళ్ళ వెనక మల్లేశం. పరుపులు ఎత్తాం, సోఫాల కిందా మంచాల కిందా పాకాం. బాత్రూముల్లో తొంగి చూశాం. "ఇక్కడ ఎక్కువగా ఉంది మేడమ్" అని ఒక అల్మరా తెరిచాను, అందులో దుప్పట్లున్నాయి. "కాదు కాదు, ఇక్కడ" అని చెప్పుల స్టాండు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చిన్నబ్బాయి తల్లి బట్ట పట్టి లాగి, "అమ్మా, వంటింట్లో కదా ఎక్కువ వస్తోంది?" అన్నాడు. ఆ వయసు పిల్లలకు ఎవరూ విలువ ఇవ్వరు కదా, మేమూ ఇవ్వలేదు.

కింద కర్ర చప్పుడు వినిపించింది. టక్. టక్. టక్.

మెట్ల మీదినుంచి చూస్తే, అక్కగారు లేచి నిలబడి అబాయా సర్దుకుంటున్నారు. మామా ఆవిడ చెయ్యి పట్టుకుని అరబ్బీలో ఏదో బతిమాలుతున్నారు. భాష రాకపోయినా బతిమాలడం తెలుస్తుంది కదండీ.

"అర్థమైందమ్మా" అన్నారు అక్కగారు, మల్లేశం నా చెవిలో తెలుగు చేస్తుండగా. "అప్పుడు కహ్వా రాకముందు పొగ వచ్చింది. ఇప్పుడు అన్నం రాకముందే వచ్చింది. మూడోసారి గేటు దగ్గరే పట్టిస్తారేమో. డ్రైవర్ను పిలవండి."

పదకొండు రోజుల ఆవిడ కళ్ళముందు మెదిలింది. కాకినాడలో మా అమ్మాయి మెదిలింది. తినకుండా వెళ్ళనివ్వకూడదు, అంతే, ఆ ఒక్కటే తోచింది. వంటింట్లోకి ఉరికి, రెండు గుడ్డలతో గిన్నె పట్టుకుని, మజ్లిస్ నడిమధ్యకు వచ్చి నిలబడ్డాను.

"మామా! అన్నం అయిపోయింది! తిని వెళ్ళమనండి!" అని మూత తీసేశాను.

ఆవిరి ఒక్కసారిగా లేచి అక్కగారి ముఖాన్ని కప్పేసింది.

మేడమ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. మల్లేశం గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. నాకు ఆ ఆవిరి వేడిగా తగిలింది తప్ప ఇంకేమీ తెలియలేదు. అన్నం చూద్దునా, మెతుకు మెతుకు విడివిడిగా, మల్లెల్లా ఉంది. ఇంత మంచి అన్నానికి వీళ్ళంతా ఎందుకు శవాన్ని చూసినట్టు చూస్తున్నారో నాకు తెలియదు!

మామా మెల్లగా వంగారు. రెండు వేళ్ళతో అన్నంలోంచి ఒక పెచ్చు పైకి తీశారు. నెయ్యి కారుతోంది దానికి.

"శూ హాదా?" అన్నారు. ఇదేంటి అని.

"చెక్క మామా."

"ఏం చెక్క?"

"మా రాజోలు చెక్క."

"ఎక్కడిది?"

"గాజు సీసాలోది. పాతదైపోయింది మామా, అందుకే గుప్పెడు వేశాను."

మేడమ్ సోఫాలో కూలబడిపోయారు. "మరియం" అన్నారు చాలా నెమ్మదిగా. "అది ఊద్ చెట్టు చెక్క. మేం రోజూ వేసే ఉండలు దాని పొడితో చేసినవి. ఇది అసలుది. మామాగారి భర్త పోయే ముందు తెచ్చి ఇచ్చింది. కొడుకు పెళ్ళికి కూడా రెండు ముక్కలే తీశారు. అక్కగారిని సాగనంపేటప్పుడు వేద్దామని ఇవాళ బీరువాలోంచి తీసి గట్టు మీద పెట్టారు. నీకు వాసన తెలియలేదా?"

గిన్నె కింద పెట్టేశాను. ఇంక దాచడానికి ఏముంది? మొత్తం కక్కేశాను. కరోనా, ముక్కు, ఏజెన్సీ వీడియో, పద్దెనిమిది రోజులు చెవితో వండడం, వాషింగ్ మెషీన్‌లో పొగ గిన్నె, రొంట్లో అగ్గిపెట్టె, చెప్పుల స్టాండు దాకా సాగిన దొంగ వెతుకులాట, అన్నీ. హిందీ రాని చోట తెలుగులో, తెలుగు చాలని చోట ఏడుపులో చెప్పాను. మల్లేశం గుమ్మంలోంచే అరబ్బీలోకి మారుస్తూ వచ్చాడు.

"అంటే" అన్నారు అక్కగారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, "ఊద్ వాసన రాకూడదని పొగ గిన్నెను బట్టల మిషన్‌లో దాచింది. దాచి, ఊద్‌ని నేతిలో వేయించింది."

"అవునండి" అన్నాను తల దించుకుని.

"చెప్పుల స్టాండు దగ్గర ఏం చేశావు?"

"వెతికానండి."

"ముక్కు లేకుండా?"

"ఆయ్."

అక్కగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. ఏడుపు కాదండీ అది. కర్ర కింద పడిపోయింది. పొట్ట పట్టుకుని సోఫాలో కూర్చుండిపోయారు. ఆవిణ్ణి చూసి మామా, మామాను చూసి మేడమ్. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి, ముసుగులు జారిపోయేలా నవ్వారు. ఐదేళ్ళ నవ్వు బాకీ ఒకేసారి తీర్చుకున్నట్టుంది.

ఆవిడ ఒక చెంచాడు అన్నం నోట్లో పెట్టుకున్నారు కూడా. చాలాసేపు నమిలారు. "ఊద్ పొగ పట్టించిన పెళ్ళివారి పరుపు నమిలినట్టుంది" అన్నారు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "పొగ పట్టిస్తే వెళ్ళిపోవాలన్నది పద్ధతి. కడుపులోకి పట్టిస్తే ఎప్పుడు వెళ్ళాలో మన పెద్దలెవరూ చెప్పలేదు. అది తేలేదాకా నేను కదలను" అన్నారు.

అలా కూర్చున్న మనిషి మూడు వారాలు కూర్చున్నారు. రోజూ అన్నం గిన్నె దించగానే, "మరియం, ఇవాళ ఏం వేశావు, సోఫానా, తివాచీనా?" అని అడిగేవారు. మేడమ్ నన్ను ఏజెన్సీకి పంపుదామని ఒకసారి అన్నారట. "నా అక్కను కూర్చోబెట్టిన మనిషిని నువ్వు పంపిస్తావా?" అని మామా ఒక్కటే అడిగారట. ఆ మాట ఆ తర్వాత ఇంట్లో వినబడలేదు. పైగా మామా రోజూ పొద్దున్నే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళు మూయించి, ముక్కు కింద లవంగం, యాలక్కాయ, నిమ్మతొక్క ఒక్కొక్కటీ పెట్టి "ఇదేంటి?" అని అడిగేవారు. నేను రోజూ "ఏమీ లేదు మామా" అనేదాన్ని. "రేపు ఉంటుంది" అనేవారు ఆవిడ.

ఆ ఊద్ చెక్కల్ని పారేశారనుకుంటున్నారా? లేదు. మామా అన్నంలోంచి ఒక్కొక్క పెచ్చూ ఏరి, కడిగి, మేడ మీద ఎండలో ఆరబెట్టారు. మూడు వారాలకు అక్కగారు నిజంగా బయల్దేరిన రోజున, భోజనం అయింది, కహ్వా అయింది, మేడమ్ నాకు కన్నుతో సైగ చేశారు. పొగ గిన్నె తెచ్చి, బొగ్గు రాజేసి, నా చేత్తోనే ఆ చెక్కలు వేశాను. పొగ లేచింది.

ఏదో గుచ్చుకున్నట్టయింది నా ముక్కులో. వెచ్చగా, ఘాటుగా, మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నట్టు. "జీలకర్ర!" అని అరిచాను. "మామా! నెయ్యి! జీలకర్ర! లవంగం!"

నేతిలో వేగి, మసాలాలో ఉడికిన చెక్క మరి! ఎంత కడిగినా దాని వాసన పోలేదు. మేడంతా మసాలా అన్నం వాసన గుమ్మెత్తిపోయింది. నేను ఏడుస్తున్నాను, మామా "చెప్పానా లేదా" అంటూ నా తల నిమురుతున్నారు, మల్లేశం "అక్క ముక్కు వచ్చిందిరో!" అని గేటు దగ్గర కాపలావాడికి కేక వేస్తున్నాడు.

గుమ్మం దాకా వెళ్ళిన అక్కగారు ఆగారు. గాలి పీల్చారు. వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి, మజ్లిస్‌లోకి వచ్చి కూర్చున్నారు.

"ఈ వాసనకు మళ్ళీ ఆకలేస్తోంది" అన్నారు. "మరియం, ఇరవై నిమిషాల్లో అవుతుందన్నావే, అది పెట్టు. చెక్క లేకుండా."

అందుచేత, నా ముక్కు మీద, నా పుడక మీద, రాజోలు సంత మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో నాది కాని సీసా మూత తీయను. తీసినా ముగ్గురికి వాసన చూపించనిదే పొయ్యి దగ్గరికి తేను. ఇంటి పిల్లవాడు "వంటింట్లో" అంటే వంటింట్లోనే ముందు వెతుకుతాను. ఇంకొకరి ముక్కును డాక్టరుకు చూపించమని చచ్చినా అనను.

విన్నారుగా, లేవండి ఇక, అన్నం చల్లారిపోతుంది. మీ ఇంట్లో అలిగి వెళ్ళిన వాళ్ళు ఆకలితో తిరిగి రావాలి. మీ గిన్నెలో ఉడికేది మీకు ముందే తెలియాలి. మీ గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు ఎప్పుడూ మీ ఇంటివాళ్ళ కంటే రెండు జతలు ఎక్కువే ఉండాలి. చల్లగా ఉండండి.